పిన్ని కొట్లో రెండు రేట్లు

కోచింగ్ అంటే మన తెలుగువాళ్లకి వెంటనే గుర్తొచ్చేది ఎంసెట్, గ్రూప్స్, అమీర్‌పేట, అశోక్‌నగర్. ఒక సార్ బోర్డు మీద రాస్తూ ఉంటారు, రెండొందల మంది కాపీ చేసుకుంటూ ఉంటారు. ఈమధ్య యూట్యూబ్‌లో ఇంకో రకం వచ్చింది. కోటు వేసుకున్న అన్నయ్య ఒకరు ‘మీ వ్యాపారాన్ని పదింతలు చేసే సీక్రెట్’ అంటారు. లింక్ నొక్కితే 999 రూపాయలు. రెండిట్లోనూ మాట్లాడేది వాళ్లు, వినేది మనం.

ఈ వారం నేను చెప్పేది దానికి పూర్తిగా తిరగేసిన కోచింగ్. ఇందులో కోచ్ అడుగుతాడు, ఎదుటివాళ్లు చెప్తారు. చివరికి దొరికే జవాబు కూడా వాళ్లదే. ఇది జరిగింది పాలకొల్లులో మా పిన్ని టైలరింగ్ కొట్లో, కుట్టు మిషన్ పక్కన స్టూలు మీద. మధ్యలో బైబిలు వచ్చింది, డ్వాక్రా కిస్తీ వచ్చింది, పాస్టర్ గారు కూడా వచ్చారు. మీ ఇంట్లో అమ్మో, పిన్నో, బాబాయో చిన్న వ్యాపారం చేస్తుంటే, మీది ఏ మతమైనా సరే, ఓ పది నిమిషాలు ఇటు చూడండి.

నాలుగు ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. మా టీమ్‌లో రెండు వారాలకోసారి మేనేజర్‌తో వన్ ఆన్ వన్ మీటింగ్ ఉంటుంది. ఆయన సలహాలు చాలా తక్కువ ఇస్తారు. నీకేం కావాలి? ఇప్పుడు పరిస్థితి ఏంటి? ఏమేం దారులున్నాయి? వాటిలో ఏది చేస్తావు, ఎప్పటిలోగా? అంతే, నాలుగు ప్రశ్నలు. బ్రిటన్‌కి చెందిన జాన్ విట్‌మోర్ 1992లో రాసిన ‘కోచింగ్ ఫర్ పెర్ఫార్మెన్స్’ పుస్తకంతో ఈ పద్ధతి కంపెనీల్లో బాగా పాకింది. గోల్, రియాలిటీ, ఆప్షన్స్, విల్ అనే నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపి దీన్ని ‘గ్రో’ అంటారు. ఆ విట్‌మోర్ వయసులో ఉన్నప్పుడు కార్ల రేసుల్లో నడిపిన డ్రైవర్.

అయితే ఆదివారం మందిరానికి వెళ్లే అలవాటున్న నాకు, ఈ ప్రశ్నలు ఎక్కడో విన్నట్టే అనిపించేది. తర్వాత తట్టింది. రెండవ రాజుల గ్రంథం, 4వ అధ్యాయం. ఎలీషా ప్రవక్త దగ్గరికి ఒక విధవరాలు వస్తుంది. భర్త పోయాడు, అప్పు మిగిలింది. అప్పిచ్చినవాడు ఆమె ఇద్దరు కొడుకుల్నీ దాసులుగా తీసుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా డబ్బులు తీసి ఇవ్వలేదు, ‘అంతా దేవుడు చూసుకుంటాడు వెళ్లమ్మా’ అని కూడా పంపించలేదు. ముందు నీకు నేనేం చేయాలి అని అడిగాడు. వెంటనే, నీ ఇంట్లో ఏముంది అని అడిగాడు. ఒక కుండలో కొంచెం నూనె తప్ప ఏమీ లేదంది. ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకో, తలుపు వేసుకుని నూనె పొయ్యడం మొదలుపెట్టు అన్నాడు.

ఆ కథలో అందరూ చెప్పుకునేది నూనె పెరిగిన అద్భుతం గురించి. నన్ను ఆపింది చివరి మాట. నూనె అమ్ము, ముందు అప్పు తీర్చు, మిగిలిన దానితో నువ్వూ పిల్లలూ బతకండి అని వరస కూడా చెప్పాడు ప్రవక్త. అద్భుతం జరిగిన ఇంట్లో కూడా అమ్మకం ఉంది, అప్పుల లెక్క ఉంది. మిగులు అనే మాట ఉంది. మా పిన్ని కొట్లో లేనిది సరిగ్గా ఆ మాటే.

అసలు సమస్య ఎక్కడ మొదలైంది

పిన్ని పదిహేనేళ్లుగా కుడుతోంది. బ్లౌజులు, పంజాబీ డ్రెస్సులు, చీరలకి ఫాల్స్, పీకో. చేతిపని గొప్పగా ఉంటుంది, భుజం దగ్గర ముడత రాదు. బాబాయి రొయ్యల చెరువుల దగ్గర కాపలా పని చేస్తాడు. చెల్లి బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. ఆ చదువు ఫీజులో ఇంకా 40,000 కట్టాలి. దానికోసం పిన్ని మూడు రూపాయల వడ్డీకి అప్పు మాట్లాడుకుందని అమ్మ ఫోన్‌లో చెప్పింది.

మూడు రూపాయల వడ్డీ అంటే మనలో చాలామందికి చిన్న అంకెలా వినిపిస్తుంది. వందకి నెలకి మూడు. 40,000కి నెలకి 1,200. ఏడాదికి 14,400, అసలు అలాగే ఉంటుంది. అంటే 36 శాతం. బ్యాంకులో బంగారం మీద తీసుకుంటే మామూలుగా అందులో మూడో వంతు లోపే పడుతుంది.

నెలలో రెండు వారాలు నాకు ఇంటి నుంచి పని. ఊరికి వచ్చినప్పుడు పిన్నిని అడిగాను. ‘పిన్నీ, కొట్టు లెక్కలు ఓసారి కలిసి చూద్దామా? నీకిష్టమైతేనే.’

‘లెక్కలేముంటాయిరా నాన్నా! వచ్చింది వచ్చినట్టు పోతది. దేవుడు నడిపిస్తన్నాడు’ అంది. ఒక్క నిమిషం ఆగి, ‘మొన్న పక్కింటావిడ ఓ మాటంది. అప్పట్నించి మనసు బాలేదు’ అంది.

పక్కింటావిడ ఏళ్ల తరబడి పిన్ని దగ్గరే కుట్టించుకుంటోంది. ఏ బ్లౌజు ఇచ్చినా డబ్బులు అప్పటికప్పుడే ఇస్తుంది. ఆవిడ అడిగింది ఇది: ‘అక్కా, మీ చర్చి వాళ్లకి రెండొందలేనంట కదా. మాకు మూడొందల యాభై ఎందుకు?’

పిన్ని దగ్గర దానికి జవాబు లేదు. సంఘం వాళ్లంటే మనవాళ్లు. ‘సిస్టర్, కొంచెం చూసి తీసుకోండి’ అంటే కాదనలేదు. అలా లైనింగ్ బ్లౌజుకి సంఘం రేటు 200, బయటి రేటు 350 అయిపోయింది. ఎప్పుడు అయిందో కూడా గుర్తులేదు.

నోటు పుస్తకంలో ఒక పేజీ

నేను ల్యాప్‌టాప్ తీయలేదు. ఎక్సెల్ షీట్ మన భాష, వాళ్ల భాష కాదు. కొలతలు రాసుకునే నోటు పుస్తకంలోనే వెనక నుంచి ఒక పేజీ తీసుకుని, పిన్ని చేత్తో పిన్నినే రాయమన్నాను. నేను అడగడం, తను రాయడం.

ఒక బ్లౌజుకి లైనింగ్ గుడ్డ ఎంత? 70. దారం, హుక్కులు? 10. హెమ్మింగ్ చేసే అమ్మాయికి? 20. అక్కడికి 100. కొట్టు అద్దె, కరెంటు, మిషన్ రిపేరు కలిపి నెలకి 5,000. నెలకి వంద బ్లౌజులు అవుతాయి కాబట్టి ఒక్కోదాని మీద 50. మొత్తం 150.

కొలత తీసి, కట్ చేసి, కుట్టి, మళ్లీ వాళ్లు వచ్చి ఇక్కడ లూజు, అక్కడ టైటు అంటే సరిచేసి ఇచ్చేసరికి ఎంత టైం పడుతుంది? ‘రెండున్నర గంటలు’ అంది.

బయటివాళ్ల బ్లౌజు మీద మిగిలేది 200. గంటకి 80. సంఘం వాళ్ల బ్లౌజు మీద మిగిలేది 50. గంటకి 20 రూపాయలు.

పిన్ని పెన్ను పక్కన పెట్టింది. ‘ఇరవయ్యేనా?’ అంది. మళ్లీ తనే కూడింది. ఇరవయ్యే.

వందలో అరవై సంఘం వాళ్లవి, నలభై బయటివి. అంటే నెలకి మిగిలేది 3,000, 8,000 కలిపి 11,000. అందులో డ్వాక్రా గ్రూపు కిస్తీ 3,500. దశమ భాగం కింద మందిరానికి 2,600. ఎందుకు 2,600 అంటే, చేతికొచ్చిన మొత్తం 26,000లో పదో వంతు తీస్తోంది పిన్ని. ఖర్చులు పోయాక మిగిలిన 11,000లోంచి కాదు.

ఇంకా ఉంది. ‘తర్వాత ఇస్తాను సిస్టర్’ అన్న బాకీలు ఎంత? ఇంకో నోటు పుస్తకం వచ్చింది. పదకొండు నెలలవి కూడితే 14,600. నెలకి 1,300 పైనే. అన్నీ తీసేస్తే, నెలకి 250 గంటలు మిషన్ తొక్కిన మనిషి చేతిలో నిలిచేది దాదాపు 3,600. పదిహేనేళ్ల పనితనానికి.

అమ్మమ్మ లేసు

ఈ లెక్క మా ఇంటికి కొత్త కాదు. పాలకొల్లు పక్కనే నరసాపురం. మా అమ్మమ్మ అక్కడ లేసు అల్లేది. క్రోషా సూది, తెల్ల దారం, అరుగు మీద కూర్చుని సాయంత్రం దాకా. ఆ పని 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా ఈ ప్రాంతానికి వచ్చింది. పేద క్రైస్తవ కుటుంబాల ఆడవాళ్లకి నాలుగు డబ్బులు వస్తాయని నేర్పించారు. తర్వాత వేరే కులాల ఇళ్లలోకీ పాకింది. ఆ లేసు ఓడలెక్కి విదేశాలకు వెళ్లింది. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మనందరం స్టేటస్ పెట్టుకున్నాం.

కానీ జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త ఇక్కడి లేసు ఆడవాళ్ల మీద అధ్యయనం చేసి 1982లో ఒక పుస్తకం తెచ్చింది. ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ దాని పేరు. అందులో ఆమె చూపించిన విషయం సూటిగా ఉంటుంది. రోజంతా అల్లినా వాళ్లని ఎవరూ కూలీలు అనలేదు, పనివాళ్లు అనలేదు. గృహిణులు ఖాళీ టైంలో ఏదో అల్లుకుంటున్నారు అన్నారు. పనిని ఖాళీ టైం అని పిలిస్తే దానికి కూలి లెక్క కట్టక్కర్లేదు. ప్రపంచ మార్కెట్‌కి సరుకు వెళ్లింది, అల్లిన చేతికి చిల్లర మిగిలింది.

అమ్మమ్మ పనికి ‘తీరిక’ అని పేరు పెట్టారు. పిన్ని పనికి ‘సేవ’ అని పేరు పడింది. పేరు మారింది, గంట కూలి మాత్రం మారలేదు. ఇది నేను పిన్నితో అనలేదు. కానీ ‘అమ్మమ్మకి లేసుకి ఎంత ఇచ్చేవారు పిన్నీ?’ అని అడిగాను. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.

దొర్కా, లూదియ

తేరుకున్నాక పిన్ని గట్టి ప్రశ్నే వేసింది. ‘మరి దొర్కా ఊరికే కుట్టింది కదరా?’

క్రైస్తవ ఇళ్లలో కుట్టుపని చేసే ప్రతి ఆడమనిషికీ స్త్రీల కూడికలో చెప్పే పేరు దొర్కా. యొప్పేలో ఉండేది. విధవరాళ్లకి అంగీలు, వస్త్రాలు కుట్టి ఇచ్చేది. ఆమె చనిపోతే వాళ్లంతా ఆ బట్టలు చూపించి ఏడ్చారు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం. చాలా అందమైన కథ.

నేను ఇంకో ప్రశ్న అడిగాను. ‘అదే పుస్తకంలో ఏడు అధ్యాయాలు ముందుకెళ్తే లూదియ ఉంది కదా పిన్నీ, ఆవిడ ఏం చేసేది?’

పిన్నికి బైబిలు నాకంటే బాగా తెలుసు. ‘ఊదారంగు అమ్మేది. తుయతైర ఆవిడ. పౌలుని ఇంటికి తీసుకెళ్లింది’ అంది. ఆ కాలంలో ఊదారంగు ఖరీదైన సరుకు. లూదియ దాన్ని అమ్మింది కాబట్టే ఫిలిప్పీలో పౌలుకీ ఆయన వెంట ఉన్నవాళ్లకీ ఆతిథ్యం ఇచ్చేంత ఇల్లు ఉంది. ఆ పౌలు కూడా కొరింథులో అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసి డేరాలు కుట్టి బతికాడు. ఒక రకంగా వాళ్లదీ కుట్టుపనే.

‘దొర్కా బట్టలు ఎవరికి ఇచ్చింది?’ అని అడిగాను.

‘విధవరాళ్లకి.’

‘మన లిస్టులో 200 ఇచ్చేవాళ్లు?’

పిన్ని పేర్ల మీద వేలు పెట్టుకుంటూ వెళ్లింది. టీచరమ్మ. గల్ఫ్‌లో భర్త ఉన్నావిడ. రెండంతస్తుల ఇల్లున్నావిడ. నిజంగా ఇవ్వలేనివాళ్లు నలుగురే. ఆ నలుగురూ బాకీల పుస్తకంలో లేరు. లేనివాళ్లు ఎలాగోలా తెచ్చి ఇచ్చేశారు, ఉన్నవాళ్లు ఆపారు.

అప్పుడు పిన్ని మెల్లగా అన్న మాట నా నోటి నుంచి వచ్చింది కాదు. ‘సంచిలో రెండు రకాల తూనిక రాళ్లు ఉండకూడదని రాసుంది కదరా, పెద్దదొకటి, చిన్నదొకటి. నేనూ రెండు పెట్టుకున్నాను.’

ద్వితీయోపదేశకాండంలో ఉన్న సంగతి అది. మామూలుగా కొనేవాణ్ణి మోసం చేసే వ్యాపారికి చెప్తారు. పిన్ని దాన్ని రెండు వైపులా చదివింది. పక్కింటావిడ దగ్గర ఎక్కువ తూచి, తన కష్టాన్ని తక్కువ తూచింది. సంఘానికి ఇచ్చిన డిస్కౌంట్ ఆకాశం నుంచి పడలేదు. సగం పక్కింటావిడ జేబులోంచి, సగం చెల్లి ఫీజులోంచి వచ్చింది.

కోచింగ్ ఎందుకు పనిచేస్తుందో నాకు అక్కడ అర్థమైంది. అదే వాక్యం నేను చెప్పి ఉంటే ‘నిన్నగాక మొన్న పుట్టినోడివి, నాకు వాక్యం చెప్తావా’ అనేది. తను కూడిన లెక్క, తను చదివిన గ్రంథం. అందుకే దాన్ని తోసెయ్యలేకపోయింది.

కానుక అయితే కానుక అని రాయి

ఏమేం దారులున్నాయి అని మూడో ప్రశ్న అడిగాను. పిన్ని మూడు చెప్పింది. అందరికీ 350 చెయ్యడం. ఇలాగే వదిలేసి అప్పు తెచ్చుకోవడం. అందరికీ ఒకటే రేటు, 300. మూడోదాని దగ్గర ఆగింది. పక్కింటావిడకి 50 తగ్గుతుంది, సంఘం వాళ్లకి వంద పెరుగుతుంది.

‘మరి ఆ నలుగురు?’ అని తనే అడిగి, తనే చెప్పింది. ‘వాళ్లకి అసలు తీసుకోను. నెలకి నాలుగు, దేవుడి పేరు మీద.’

అయితే వాటిని ఎక్కడ రాస్తావు అని అడిగాను. నోటు పుస్తకంలో మూడు పేజీలు వేరు చేసింది. ఒకటి అమ్మకం, ఒకటి బాకీ, ఒకటి కానుక. నాకు ఈ మొత్తం కథలో ముఖ్యమైన పని ఇదే అనిపిస్తుంది. ఇన్నేళ్లూ మూడూ ఒకే సంచిలో కలిసిపోయి ఉన్నాయి. అమ్మింది సేవలా కనిపించేది. రాని బాకీ కానుకలా సర్దుకుపోయేది. నిజంగా ఇద్దామనుకున్న మనిషికి ఇవ్వడానికేమీ మిగిలేది కాదు. ఇష్టపడి ఇస్తే అది కానుక. అడగలేక వదిలేసింది కానుక అవ్వదు, లోపల్లోపల కోపంగా మారుతుంది.

బాకీల పేజీ రాసేటప్పుడు ఒక పేరు దగ్గర పిన్ని చెయ్యి ఆగింది. పాస్టరమ్మ గారు. ఆరు బ్లౌజులు. ‘ఇవి నేనే వద్దన్నానురా’ అంది. అయితే అవి కానుక పేజీలోకి. ఆవిడ బాకీ లేదని ఆ రోజు నుంచి పుస్తకమే చెప్తుంది. లేకపోతే ఏదో ఒక రోజు మనసు మాట మారుస్తుంది.

సంఘంలో ఏమైంది

బోర్డు పెట్టడం పిన్నికి రేటు పెంచడం కంటే కష్టమైంది. రెండు రోజులు అట్ట మీద రాసి, బీరువా వెనక దాచింది. మూడో రోజు పెట్టింది. లైనింగ్ బ్లౌజు 300, ప్లెయిన్ బ్లౌజు 180, సగం అడ్వాన్స్.

అందరూ చప్పట్లు కొట్టారని రాస్తే అబద్ధం అవుతుంది. ఒకావిడ ‘కొడుకులాంటోడు హైదరాబాద్ నుంచి వచ్చి వ్యాపారం నేర్పాడా?’ అంది. ఇంకొకావిడ ఆదివారం వందనాలు చెప్పడం మానేసింది. ఆ నెల పది మంది వేరే టైలర్ దగ్గరికి వెళ్లిపోయారు. పిన్ని రెండు రాత్రులు నిద్రపోలేదు. దుకాణాల వీధిలో నష్టం డబ్బుల్లో ఉంటుంది. సంఘంలో ఉండేవాళ్లకి నష్టం మొహాల్లో కనిపిస్తుంది, అదీ వారం వారం. బిజినెస్ వీడియోలు చెప్పే అన్నయ్యలకి ఈ బాధ తెలీదు.

నెలాఖరున మళ్లీ కూడాం. తొంభై బ్లౌజులు, 27,000. సరుకు ఖర్చు 9,000, కొట్టు ఖర్చు 5,000 పోను 13,000. పది బ్లౌజులు తగ్గాయి, అంటే పాతిక గంటలు తగ్గాయి. మిగులు 2,000 పెరిగింది. కానుక బ్లౌజులు నాలిగిటికి సరుకు ఖర్చు 400 పోయినా, ముందుకంటే మెరుగే. అడ్వాన్స్ వల్ల కొత్త బాకీ ఒక్కటీ లేదు.

పాత బాకీలకి పిన్ని గొడవ పడలేదు. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. ‘సిస్టర్ గారూ, వందనాలండీ. పాప ఫీజు కట్టాలి. మీ లెక్క 900 ఉంది. ఈ నెలలో ఎంత కుదిరితే అంత ఇవ్వండి.’ అంతే. రెండు నెలల్లో 14,600లో 9,200 వచ్చింది. మిగిలిన ఫీజుకి మెడలో గొలుసు బ్యాంకులో పెట్టి 30,000 తీసుకున్నారు. మూడు రూపాయల వడ్డీ మాట ఆగిపోయింది. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది. పిన్ని మెడ ఖాళీగా ఉండటం నాకు ఇష్టం లేదు గానీ, నెలకి 1,200 పోవడం ఇంకా ఇష్టం లేదు.

దశమ భాగం సంగతి

ఈ విషయంలో నేను నోరు మెదపలేదు. అది పిన్నికీ దేవుడికీ మధ్య ఉన్నది. మలాకీ గ్రంథం మీద ప్రసంగం వినకుండా ఏడాది గడవని ఇల్లు మాది. నేను అడిగింది ఒక్కటే. ‘ఈ ప్రశ్న ఎవరిని అడిగితే బాగుంటుంది పిన్నీ?’

తనే పాస్టర్ గారిని కొట్టుకి పిలిచింది. ఆయన స్టూలు మీద కూర్చుని పేజీ మొత్తం చూశారు. ‘26,000 మీద ఇస్తున్నావా అమ్మా? అందులో లైనింగ్ కొట్టువాడి డబ్బులు, అద్దె డబ్బులు కూడా ఉన్నాయి కదా. అవి నీవి కావు. నీకు మిగిలిన దాంట్లోంచి ఇవ్వు. అప్పు చేసి కానుక వెయ్యొద్దు’ అన్నారు. వెళ్లేటప్పుడు, ‘మా ఇంట్లో వాళ్ల బ్లౌజులకి ఇక నుంచి 300 తీసుకో’ అన్నారు. పిన్ని ఒప్పుకోలేదు. ‘అది కానుక పేజీ పాస్టర్ గారూ, అమ్మకం పేజీ కాదు’ అంది. అప్పుడు నేను మొహం పక్కకి తిప్పుకుని నవ్వాను.

ఒక్కో సంఘంలో దీని మీద ఒక్కో బోధ ఉంటుంది. మీ దగ్గర వేరేగా చెప్పొచ్చు. కానీ లెక్క ముందు పెట్టి అడిగితే పెద్దలు కూడా లెక్క చూసి మాట్లాడతారు. నోటితో అడిగితే నోటితోనే జవాబు వస్తుంది.

డిసెంబర్ నెల, ఏడో రోజు

టైలర్లకి డిసెంబర్ అంటే మాకు రిలీజ్ వీక్ లాంటిది. క్రిస్మస్, న్యూ ఇయర్, వెనకాలే సంక్రాంతి. పిన్ని ఏటా 24 రాత్రంతా కుట్టి, తెల్లారి ఆరాధనలో కూర్చుని కునుకు తీసేది. సంఘం మొత్తానికీ కొత్త బట్టలు, కుట్టిన మనిషి ఒంటి మీద పాత చీర.

మా టీమ్‌లో ఒక స్ప్రింట్‌కి ఇంతే పని అని గీత గీస్తాం. దాన్ని కెపాసిటీ అంటాం. ‘ఆదివారం మూసేస్తే డిసెంబర్‌లో ఎన్ని బ్లౌజులు అవుతాయి పిన్నీ?’ అని అడిగాను. రోజుకి నాలుగు చొప్పున, క్రిస్మస్ ముందు రోజు దాకా లెక్కేసి, ఎనభై అంది. మరి ఎనభై ఒకటోది వస్తే? ‘సంక్రాంతికి ఇస్తానని చెప్తాను’ అంది, ఏదో పాపం ఒప్పుకుంటున్నట్టు.

విశ్రాంతి దినం అనేది ఆజ్ఞల్లో ఉన్నా, అది లెక్క కూడా. ఏడో రోజుని ముందే తీసి పక్కన పెడితే, మిగతా ఆరు రోజుల్లో ఎంత పడుతుందో నిజాయితీగా తెలుస్తుంది. ఏడు రోజులూ ఉన్నాయనుకునేవాడు ఎనిమిది రోజుల పని ఒప్పుకుంటాడు. మనం ఐటీలో చేసేది అదే కదా.

మీరు చెయ్యాలనుకుంటే

ఇంట్లోవాళ్లకి కోచ్ అవ్వాలంటే సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ కొన్ని పద్ధతులున్నాయి.

ముందు అడిగి మొదలుపెట్టండి. వద్దంటే ఆ రోజుకి వదిలెయ్యండి. పెద్దవాళ్ల కొట్టు వాళ్ల గౌరవం, మన ప్రాజెక్ట్ కాదు.

లెక్క వాళ్ల చేతిరాతతోనే ఉండాలి. యాప్ తర్వాత చూసుకోవచ్చు. వాళ్లు రాసిన అంకెతో వాళ్లు వాదించలేరు.

వాళ్ల గంట విలువ తప్పకుండా రాయించండి. ఇంట్లోంచి నడిచే వ్యాపారాల్లో అన్ని ఖర్చులూ రాస్తారు, అమ్మ కష్టం మాత్రం రాయరు. పచ్చళ్లు పెట్టినా, కర్రీ పాయింట్ నడిపినా, ట్యూషన్ చెప్పినా ఇంతే.

భక్తితో పోటీ పడకండి. ‘ప్రార్థన చేస్తే డబ్బులొస్తాయా’ అనే మాట అక్కడితో తలుపు మూసేస్తుంది. వాళ్ల విశ్వాసంలోనే న్యాయమైన తూనిక ఉంటుంది, అప్పు తీర్చమనే మాట ఉంటుంది, లేనివాడికి పెట్టమనే మాట ఉంటుంది. అది ఏ గ్రంథంలో, ఏ పేజీలో ఉందో మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

ఒక వారానికి ఒక్క మార్పు చాలు. బోర్డు ఒక వారం, అడ్వాన్స్ ఇంకో వారం, బాకీలు ఆ తర్వాత.

ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను తీసుకుని మీ అమ్మ దగ్గరో, బాబాయి దగ్గరో కూర్చోండి. మూడు పేజీలకి పేర్లు పెట్టించండి: అమ్మకం, బాకీ, కానుక. ఏది ఏ పేజీలోకి వెళ్లాలో వాళ్లనే చెప్పనివ్వండి. మీరు మాత్రం ఎక్కువ మాట్లాడొద్దు.